నకిలీ సూదికీ నొప్పి తగ్గింది

కడపలో మందుల షాపు నడిపేవాడికి నొప్పుల గురించి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. మైదుకూరు వైపు పసుపు తవ్వకాలు మొదలైతే నడుములు పట్టేసిన ఆడవాళ్లు వస్తారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారిలో నాపరాళ్లు ఎత్తే కూలీలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. అరవై దాటినవాళ్లది ఒకటే మాట: "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందంట నాయనా." చీటీ ఎవరు రాసినా అందులో ఉండేవి దాదాపు అవే. నొప్పి మాత్ర డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో ఒకటి, దానివల్ల కడుపు మండకుండా గ్యాస్ మాత్ర ఒకటి, ఎందుకైనా మంచిదని క్యాల్షియం ఒకటి.

కొన్నేళ్లుగా అదే కౌంటరు దగ్గర ఆక్యుపంక్చర్ గురించి, అంటే ఒంటికి సన్న సూదులు గుచ్చే చైనా వైద్యం గురించి, ఇంకో ప్రశ్న కూడా వినపడుతోంది. "ఆ సూదుల వైద్యం చేయించుకుంటే తగ్గుతుందా?" అడిగేవాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, ఊళ్లో ఒకరిద్దరికి ఆ సూదుల పెట్టెలు తెప్పించి ఇచ్చేది కూడా నేనే. కాబట్టి మాత్రలు అమ్ముకోవడానికి సూదుల మీద దుమ్మెత్తిపోస్తున్నానని గానీ, సూదులు అమ్ముకోవడానికి మాత్రలను తిడుతున్నానని గానీ అనుకోవద్దు. రెండింట్లోనూ నాకు లాభం ఉంది.

ఆక్యుపంక్చర్ మీద పెద్ద పరిశోధనలు చాలానే జరిగాయి. వాటిని చదివి ఒక వర్గం "సూది పనిచేస్తుందని తేలిపోయింది" అంటుంది, మరో వర్గం "అంతా భ్రమేనని తేలిపోయింది" అంటుంది. నాకు మాత్రం ఆ అంకెల్లో పరువు పోగొట్టుకున్నది మూడోవాడిలా కనిపిస్తాడు. నేను రోజూ చూసే ఆ మూడు మాత్రల చీటీయే ఆ మూడోవాడు. దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ముందు ఆ సూది ఎలా ఉంటుందో చెప్పాలి. ఇంజెక్షన్ సూదికి మధ్యలో రంధ్రం ఉంటుంది, మొన ఏటవాలుగా కోసి ఉంటుంది. దీనికి రంధ్రం ఉండదు. దాదాపు పావు మిల్లీమీటరు మందం ఉన్న స్టీలు తీగ, పైన సన్న తీగ చుట్టిన పిడి, అంతే. చాలావరకు చిన్న ప్లాస్టిక్ గొట్టంతో కలిపి వస్తుంది. గొట్టాన్ని చర్మం మీద ఆనించి, పైకి కనిపించే పిడి మీద వేలితో ఒక్కసారి తడితే మొన లోపలికి దిగుతుంది. గొట్టం తీసేసి, సూదిని ఇంకొంచెం దింపి, అటూ ఇటూ తిప్పుతారు. "జివ్వుమంటోందా? బరువుగా ఉందా?" అని అడుగుతారు. అవునంటే చోటు సరిగ్గా దొరికినట్టు లెక్క. అలాగే ఇరవై, ముప్పై నిమిషాలు పడుకోబెడతారు. కొందరు ఆ సూదులకు క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు కూడా పెడతారు.

దీని వెనక ఉన్న సిద్ధాంతం ప్రకారం ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి 14 దారుల్లో ప్రవహిస్తుంది, ఆ దారుల మీద 361 బిందువులు ఉంటాయి, దారికి అడ్డం పడితే జబ్బు, అడ్డం తొలగితే ఆరోగ్యం. శరీరాన్ని కోసి చూసినవాళ్లకు గానీ, స్కానింగు తీసినవాళ్లకు గానీ ఆ దారులు కనిపించలేదు. వేల ఏళ్లనాటి విద్య కదా అనేవాళ్లకు ఒక మాట: చైనా చక్రవర్తి దావోగువాంగ్ 1822లోనే తన ఆస్థాన వైద్య సంస్థలో దీన్ని నిషేధించాడు. మళ్లీ దీనికి ప్రభుత్వ ఆదరణ దొరికింది మావో కాలంలో. అమెరికా దీన్ని పట్టించుకున్నది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) ఉండగా అపెండిక్స్ తీయాల్సి వచ్చింది. ఆపరేషను మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే చేశారు. తర్వాత వచ్చిన కడుపు ఉబ్బరానికి మాత్రం సూదులు పెట్టారు. ఆయన అదే రాశాడు. లోకం మాత్రం సూదులు గుచ్చి ఆపరేషను చేసేశారని చెప్పుకుంది. ఇక మన దేశానికి దీన్ని తెచ్చినవాళ్లలో ముఖ్యుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. యుద్ధంలో గాయపడినవాళ్లకు వైద్యం చేయడానికి 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనాకు వెళ్లిన అయిదుగురు వైద్యుల్లో ఆయన ఒకరు. 1950ల చివర్లో మళ్లీ వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి చట్టమే చేసింది.

చరిత్ర సరే, అసలు పేచీ పరీక్ష దగ్గర వస్తుంది. మాత్రను పరీక్షించడం సులువు. సగం మందికి మందున్న మాత్ర, సగం మందికి మందులేని మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చామో ఇచ్చేవాళ్లకూ, మింగేవాళ్లకూ తెలియకుండా చేస్తే చాలు. గుచ్చకుండానే గుచ్చినట్టు నమ్మించడం ఎలా? 1998లో జర్మనీకి చెందిన డాక్టర్ స్ట్రైట్‌బెర్గర్ ఒక ఉపాయం ప్రకటించాడు. మొద్దుబారిన మొన ఉన్న సూది, చర్మానికి తగలగానే పిడిలోకి వెనక్కి జరిగిపోతుంది. పౌరాణిక నాటకాల్లో కడుపులో పొడిస్తే పిడిలోకి దూరిపోయే కత్తి ఉంటుందే, అచ్చంగా అదే. రోగికి చురుక్కుమంటుంది, సూది నిలబడి కనిపిస్తుంది, లోపలికి మాత్రం దిగదు. ఇంకో పద్ధతి, నిజంగానే గుచ్చడం, కానీ పైపైన, సూదుల శాస్త్రం చెప్పని చోట.

ఈ రెండో పద్ధతితో జర్మనీలో భారీ పరీక్ష జరిగింది. 2007లో ఫలితాలు వచ్చాయి. 1,162 మంది నడుం నొప్పి రోగులు, సగటున ఎనిమిదేళ్లుగా నొప్పితో ఉన్నవాళ్లు. వాళ్లను మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఆ సూదుల శాస్త్రం ప్రకారం సూదులు. రెండో జట్టుకు ఎక్కడపడితే అక్కడ పైపైన గుచ్చిన సూదులు. మూడో జట్టుకు మామూలు వైద్యం, అంటే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత లెక్క తీస్తే గుణం కనిపించింది మొదటి జట్టులో 47.6 శాతం మందికి, రెండో జట్టులో 44.2 శాతం మందికి. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో 27.4 శాతం మందికి మాత్రమే. మోకాళ్ల నొప్పుల మీద అంతకు ముందు ఏడాది వచ్చిన ఫలితాలు కూడా ఇదే వరసలో ఉన్నాయి: 53.1, 51, 29.1.

ఆ అంకెలు చదివినప్పుడు నా కళ్లు మొదటి రెండింటి మీద నిలవలేదు. సూదుల వాళ్లు 47ను పట్టుకుని ఊరేగుతారు, హేతువాదులు 47కూ 44కూ తేడా లేదని నవ్వుతారు. ఇద్దరి మాటా నిజమే. కానీ ఆ 27 ఎవరిది? ఫిజియోథెరపీ, వ్యాయామం అన్నీ ఉన్న జర్మనీ వైద్యానిది. అవేవీ లేకుండా మూడు మాత్రలు రాసి పంపే మన చీటీకి ఆ పరీక్ష పెడితే ఎన్ని మార్కులు వస్తాయో ఊహించుకోవడానికే నాకు భయం.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఎనిమిదేళ్లుగా నొప్పితో విసిగి, కొత్త సూదుల వైద్యం దొరుకుతుందని ఆశపడి వచ్చినవాడికి, "నీకు మళ్లీ పాత వైద్యమే" అని చెబితే వాడు అలుగుతాడు. ఆ అలకతో మార్కులు తక్కువ వేస్తాడు. కాబట్టి 27 శాతాన్ని అచ్చమైన లెక్కగా తీసుకోలేం. ఒప్పుకుంటాను. కానీ నా కౌంటరు ముందు నిలబడేవాళ్లలో చాలామంది సరిగ్గా ఆ మూడో జట్టువాళ్లే. ఏళ్ల తరబడి అదే మాత్ర, అదే విసుగు. అలిగినవాడి నొప్పిని లెక్కలోంచి కొట్టేయడానికి వీల్లేదు.

సూదుల వాళ్లు ఇంకో వాదన తెస్తారు: పైపైన గుచ్చినా, తప్పు చోట గుచ్చినా ఎంతో కొంత పనిచేస్తుంది, కాబట్టి అది నకిలీ కాదని. గుచ్చినప్పుడు శరీరం నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్ల వంటివి విడుదల చేస్తుందని 1970ల నుంచీ పరిశోధనలు ఉన్న మాట నిజమే. 2010లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో గుచ్చిన చోట నొప్పిని అణచే ఎడినోసిన్ అనే రసాయనం పెరిగిందని కూడా చూపించారు. కానీ ఎక్కడ గుచ్చినా ఒకటేనైతే ఆ 361 బిందువుల పటం ఎందుకు? ఆ పటం నేర్పడానికి కోర్సులు, గోడకు వేలాడే చార్టులు, మైనపు బొమ్మలు ఎందుకు? పైగా 2009లో అమెరికాలో 638 మంది నడుం నొప్పి రోగుల మీద ఇంకో పరీక్ష జరిగింది. అందులో ఒక జట్టుకు సూదే పెట్టలేదు. ఆ ప్లాస్టిక్ గొట్టంలోంచి పళ్లు కుట్టుకునే పుల్లను దింపి, చర్మానికి ఆనించి, తిప్పి తీసేశారు. పుల్ల కూడా సూదితో సమానంగా పనిచేసింది. రెండూ మామూలు వైద్యాన్ని దాటేశాయి.

తేడా అసలే లేదని కూడా అనలేను. పరిశోధకుడు ఆండ్రూ వికర్స్ బృందం 39 పరీక్షల్లోని 20,827 మంది రోగుల వివరాలను ఒక్కొక్కరిగా సేకరించి 2018లో లెక్క కట్టింది. నిజం సూదికీ నకిలీ సూదికీ మధ్య చిన్న తేడా నిలిచింది. సూది పెట్టించుకున్నవాళ్లకూ పెట్టించుకోనివాళ్లకూ మధ్య తేడా దానికి రెండింతలు పైనే ఉంది. అంటే దక్కిన ఉపశమనంలో పెద్ద వాటా సూది మొనది కాదు.

మరి ఎవరిది? దానికి నేను చూసిన జవాబుల్లో అన్నిటికన్నా సూటిగా ఉన్నది 2008లో బోస్టన్‌లో పరిశోధకుడు టెడ్ కాప్చుక్ బృందం చేసిన పని. పొట్ట పదే పదే పట్టేసే జబ్బు, ఐబీఎస్ అంటారు, అది ఉన్న 262 మందిని తీసుకున్నారు. మొదటి మూడు వారాలు ఒక్కరికి కూడా నిజం సూది పెట్టలేదు. ఒక జట్టును ఊరికే వేచి ఉండమన్నారు. ఇంకో జట్టుకు నకిలీ సూదులు పెట్టారు గానీ మాటలు ముక్తసరిగా ముగించారు. మూడో జట్టుకు అవే నకిలీ సూదులు, కానీ మొదటిరోజు ముప్పావుగంట సేపు కూర్చోబెట్టి జబ్బు ఎలా మొదలైంది, దాని గురించి నువ్వేమనుకుంటున్నావు అని అడిగారు, విన్నారు, ధైర్యం చెప్పారు. మూడు వారాలకు ఉపశమనం దొరికిందన్నవాళ్లు మొదటి జట్టులో 28 శాతం, రెండో జట్టులో 44, మూడో జట్టులో 62. సూది దిగనే లేదు, 62 శాతం.

మోకాళ్ల నొప్పితో వచ్చే పెద్దమ్మ ఒకామె సూదుల దగ్గరికి వెళ్లివచ్చి నాతో సూదుల గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. "నా కాలు చేత్తో పట్టుకుని చూశాడు నాయనా" అంది. అంతకు ముందు ఆమెకు మాత్రలు రాసినవాళ్లు చూసింది ఎక్స్‌రేనే. 2017లో 67 దేశాల్లో డాక్టరు ఒక రోగికి ఇచ్చే సమయాన్ని కొలిచిన అధ్యయనం వచ్చింది. మన పక్కనున్న బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా. ఓపీ బయట ఉన్న వరుస చూస్తే మనం ఆ రెండింట్లో ఏ చివర ఉన్నామో ఎవరూ చెప్పనక్కర్లేదు. డాక్టర్లను తిట్టి ప్రయోజనం లేదు, ఒక్కడు వంద మందిని చూడాల్సి వస్తే ఎవరైనా చీటీ రాసే పంపుతారు. సూదులు పెట్టేవాడికి ఉన్న అరగంట వాళ్లకు లేదు, అంతే.

మాత్రల వైపు నుంచి పెద్దరికం చూపించేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. 2014లో ఆస్ట్రేలియాలో అప్పుడే పట్టిన నడుం నొప్పికి పారాసెటమాల్ ఇచ్చి 1,650 మందికి పైగా రోగుల మీద చూశారు. మందు తిన్నవాళ్లు 17 రోజులకు కోలుకున్నారు, మందులేని మాత్ర తిన్నవాళ్లు 16 రోజులకు. 2002లో అమెరికాలో మోకాలి లోపల కెమెరా పెట్టి శుభ్రం చేసే ఆపరేషను మీద 180 మందితో పరీక్ష జరిగింది. కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్లు వేసి పంపించారు, లోపల ఏమీ చేయలేదు. ఫలితం ఇద్దరికీ ఒకటే. నొప్పి అనేది ఇలాంటి చోటు. ఇక్కడ సూదిని మాత్రమే పట్టుకుని మోసం అనడం అన్యాయం. నొప్పి మాత్రకు పనితనం ఉంది, కాదనను. కానీ దానికి ఖరీదు కూడా ఉంది. బీపీ మాత్రలు వాడే ముసలివాళ్లు దాన్ని నెలల తరబడి మింగితే కిడ్నీల మీద పడే భారం ఏమిటో డయాలసిస్ కేంద్రాల్లో కనిపిస్తుంది. (పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్లే మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వాటిని చంపింది కూడా కిడ్నీలు పాడవడమే. పశువులకు వాడటం 2006లో నిషేధించారు.)

ఇంతవరకు చదివి సూదుల వాళ్లు సంతోషపడితే తొందరపడినట్టే. ఎందుకంటే నేను చెప్పిందంతా నొప్పికి సంబంధించింది. నొప్పి ఎంతుందో చెప్పాల్సింది రోగే కాబట్టి, రోగికి తగ్గిందనిపిస్తే తగ్గినట్టే. మిగతా జబ్బులు అలా కావు. 2011లో ఉబ్బసం రోగుల మీద ఒక చిన్న ప్రయోగం ప్రకటించారు. ఒకసారి నిజం ఇన్‌హేలర్, ఒకసారి మందులేని ఇన్‌హేలర్, ఒకసారి నకిలీ సూదులు, ఒకసారి ఏమీ ఇవ్వకుండా చూశారు. మాకు మెరుగనిపించిందని చెప్పిన మాటల్లో నిజం ఇన్‌హేలర్ 50 శాతం, మందులేనిది 45, నకిలీ సూది 46. దాదాపు సమానం. కానీ ఊపిరితిత్తుల శక్తిని యంత్రంతో కొలిస్తే నిజం ఇన్‌హేలర్‌తో 20 శాతం పెరిగింది, మిగతా మూడింటితో 7 శాతం దగ్గర ఆగిపోయింది. హాయిగా అనిపిస్తూ ఉండగానే ఊపిరి అందకుండా పోవచ్చన్నమాట.

మన ఊళ్లలో బోర్డులు చూడండి. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి, తలనొప్పి దగ్గర మొదలవుతాయి. కిందికి వచ్చేసరికి షుగరు, థైరాయిడ్, పక్షవాతం, సంతానలేమి, పిల్లలకు మాటలు రాకపోవడం అన్నీ చేరతాయి. సంతానలేమి సంగతే తీసుకుంటే, చైనాలోనే పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య ఉన్న 1,000 మంది మహిళల మీద పెద్ద పరీక్ష చేసి 2017లో ప్రకటించారు. అండం విడుదల కావడానికి ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర పనిచేసింది. నిజం సూదులు తోడు చేసినా, నకిలీ సూదులు తోడు చేసినా బిడ్డలు పుట్టిన లెక్కలో మార్పు రాలేదు. సూది పుట్టిన దేశంలో వచ్చిన ఫలితం ఇది. చైనాలో జరిగిన పరీక్షలన్నీ సూదికి అనుకూలంగానే వస్తున్నాయేమిటని 1998లో ఇదే వికర్స్ ప్రశ్నించాడు. ఆ దేశం నుంచే ఇలాంటి పరీక్ష రావడం మెచ్చుకోదగ్గది.

చెన్నూరు వైపు నుంచి నెలనెలా షుగరు మాత్రలకు వచ్చే ఒకావిడ ఉన్నట్టుండి రావడం మానేసింది. ఊరు మారిందేమో అనుకున్నాను. కొన్నాళ్లకు కొడుకు వచ్చాడు, కాలి పుండుకు కట్టు సామాను, యాంటీబయాటిక్ కావాలని. "సూదులు పెట్టేచోట మాత్రలు విషం అన్నారన్నా, అమ్మ అన్నీ ఆపేసింది. బాగానే ఉంది అనేది." బాగానే ఉందనే మాట అబద్ధం కాదు. ఆమెకు అలాగే అనిపించి ఉంటుంది. షుగరు పరీక్ష చేస్తే నాలుగు వందలు దాటింది. సూది ఆమెకు ఏ హానీ చేయలేదు, సూది పెట్టినవాడి నోరు చేసింది.

సూదితో నేరుగా వచ్చే ప్రమాదం నిజానికి తక్కువే. జర్మనీలో 2,29,230 మంది రోగులను గమనించి 2009లో రాసిన నివేదికలో 8.6 శాతం మందికి చిన్నాచితకా ఇబ్బందులు వచ్చాయి, ఎక్కువగా రక్తం చిమ్మడం, కమిలిపోవడం, నొప్పి. ఊపిరితిత్తికి చిల్లు పడినవి రెండు. అక్కడ గుచ్చింది శిక్షణ పొందిన డాక్టర్లు. ఇక్కడ నాలుగు రోజుల కోర్సు చేసి పత్రం గోడకు తగిలించుకున్నవాడు వీపు మీద, ఛాతీ మీద లోతుగా గుచ్చితే అదే లెక్క వస్తుందని నేను పూచీపడను.

ఇక ప్రభుత్వాలు ఏమంటున్నాయని అడిగితే నవ్వొస్తుంది. జర్మనీ ఆ పరీక్షల తర్వాత నడుం, మోకాలి నొప్పులకు బీమా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది, నకిలీ సూదికీ నిజం సూదికీ తేడా లేదని చూసి మరీ. ఇంగ్లండ్‌లో ఏ వైద్యం ఇవ్వాలో సలహా చెప్పే నైస్ సంస్థ 2009లో నడుం నొప్పికి సూదులు సరే అంది, 2016లో వద్దంది, 2021లో కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పికి సరే అంది, 2022లో అరిగిన కీళ్లకు వద్దంది. అమెరికాలో ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బీమా, మెడికేర్, 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సార్ల వరకు ఇస్తోంది. ఒకే రకం సాక్ష్యం చూసి ఇన్ని తీర్పులు రావడానికి కారణం ఒకటే. సూదిని నకిలీ సూదితో పోల్చినవాడు వద్దంటాడు, మామూలు వైద్యంతో పోల్చినవాడు సరేనంటాడు. నాకు ఈ రెండో పోలికే ముఖ్యం అనిపిస్తుంది. కానీ దాని నుంచి రావాల్సిన నిర్ణయం సూదులకు డబ్బు ఇవ్వడం మాత్రం కాదు. ఆ అరగంటకు డబ్బు ఇవ్వాలి. ప్రతి మండలంలో ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టి, మోకాలు పట్టుకుని చూసి, తొడ కండరాలకు వ్యాయామం నేర్పి, పదిహేను రోజులకు మళ్లీ పిలిచి అడిగితే, ఈ బోర్డుల్లో సగం వాటంతటవే దిగిపోతాయి. వ్యాయామానికీ, బరువు తగ్గడానికీ సూది కన్నా గట్టి ఆధారాలు ఉన్నాయి. చీటీ మీద అవి రాసేవాళ్లు తక్కువ, రాసినా ఎలా చేయాలో చూపించేవాళ్లు ఇంకా తక్కువ.

అది జరిగేదాకా కౌంటరు దగ్గర అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. నడుం నొప్పికో, మోకాళ్లకో, తరచూ వచ్చే తలనొప్పికో అయితే వెళ్లండి, డాక్టరుకు ఒకసారి చూపించాకే వెళ్లండి. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరంతో నడుం నొప్పి వచ్చినా సూదుల వైపు చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. సూదుల కవరు మీ ఎదుటే చించమనండి. షుగరు, బీపీ, థైరాయిడ్, మూర్ఛ మాత్రలు ఆపమన్న క్షణమే లేచి వచ్చేయండి. అయిదారు సార్లకు తేడా తెలియకపోతే ఇక తెలియదు. పదిసార్ల డబ్బు ముందే కట్టమంటే మాత్రం కట్టవద్దు. నా దగ్గర సూదులు కొనేవాళ్లలో ఒకాయనకు ఈ చివరి మాట నచ్చలేదు, ఈ మధ్య పెట్టెలు తిరుపతి నుంచి తెప్పించుకుంటున్నాడు.